పాత్రల లక్ష్యాలు నేర్పుతామనే ఆ వర్క్‌షాప్‌కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

వైజాగ్‌లో కథలు, నవలలు, షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టులు రాసుకుంటున్న అందరికీ. "మూడు రోజుల్లో మీ పాత్రకు లక్ష్యం, ప్రేరణ" అంటూ ఒక ఆన్‌లైన్ వర్క్‌షాప్ ప్రకటన మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పోయిన నెల నేను దానికి 6,500 రూపాయలు కట్టాను. దయచేసి మీరు తొందరపడి కట్టకండి.

నేను చేరడానికి కారణం ఒక్కటే. మన కథ పూర్తిగా చదివి, పాత్ర పాత్రకీ విడిగా అభిప్రాయం రాసిస్తామన్నారు. క్లాసులు ఎక్కడైనా దొరుకుతాయి. రాసింది ఓపిగ్గా చదివిపెట్టే మనిషి దొరకడమే కష్టం.

నా కథ ఫిషింగ్ హార్బర్‌లో నడుస్తుంది. పోలమ్మ వేలంపాటలో చేపలు కొని, గంపకెత్తుకుని వీధుల్లో అమ్ముతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు కదా, ఆ రోజుల్లో ఇల్లు గడవక చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. ఆ కమ్మలు ఆమెవి కావు. పెళ్లికి పెట్టుకెళ్తానని తోడికోడలి దగ్గర అడిగి తెచ్చినవి. వేట మొదలైన వారంలోగా విడిపించాలి. నేను ఆగిపోయింది ఒక్కచోట. నిజం చెప్పేస్తే తోడికోడలు నాలుగు తిట్టి ఊరుకుంటుంది, మరి పోలమ్మ ఎందుకు చెప్పలేకపోతోంది? ఇదే ప్రశ్న రాసి, 22 పేజీల కథ పంపాను.

పది రోజులకు ఒక్క పేజీ పీడీఎఫ్ వచ్చింది. "లక్ష్యం: ఆర్థిక స్వాతంత్ర్యం. ప్రేరణ: కుటుంబం మీద ప్రేమ. అడ్డంకి: సమాజం." దాని కింద, "రమేష్ పాత్రలో ఇంకా లోతు అవసరం." నా కథలో రమేష్ అనేవాడే లేడు. ఆ పేరు ఒక్కటీ పసుపురంగు హైలైట్‌లో ఉంది, ఇక్కడ పేరు మార్చాలని ఎవరో గుర్తు పెట్టుకుని మర్చిపోయినట్టు. గాజువాక నుంచి చేరిన ఒక అక్కకు ఫోన్ చేశాను. ఆవిడది కాంట్రాక్టు కార్మికుడి కథ. ఆవిడకూ అవే మూడు మాటలు, అదే రమేష్. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

క్లాసుల సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటిరోజు "రహస్య సూత్రం" అని చూపించింది మనస్తత్వ శాస్త్రవేత్త మాస్లో చెప్పిన మనిషి అవసరాల పిరమిడ్. మాస్లో ఆ సిద్ధాంతం ప్రకటించింది 1943లో, బీఈడీ చదివిన ఎవరినడిగినా చెబుతారు. మిగతా రెండు రోజులూ పాత రికార్డింగులే.

"ఆర్థిక స్వాతంత్ర్యం" పాత్రకు లక్ష్యం ఎందుకు కాదో కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా రాసేవాళ్లు ఆ షీటు నిజమని నమ్మి కథ పాడుచేసుకుంటారు. అది ఎప్పుడు దక్కిందో పాఠకుడికి కనబడదు. కమ్మలు చేతికొచ్చాయా లేదా అన్నది కనబడుతుంది. నాయకుడు ఫలం, అంటే తాను కోరుకున్నది, కోసం పడే పాటును మన ఆలంకారికులు (పాత కావ్య, నాటక శాస్త్రాలు రాసినవాళ్లు) ఎప్పుడో ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని ఐదుగా విడదీశారు. వీటిలో ప్రాప్త్యాశ నాకు చాలా ఇష్టం. దొరుకుతుందన్న ఆశా, చేజారుతుందన్న భయమూ కలిసి ఉండే దశ అది. వేట మొదలైన రోజు బోట్ల నిండా చేపలు వస్తాయి, పోలమ్మ మొహం వెలుగుతుంది. సరుకు ఎక్కువై రేటు పడిపోతుంది. ఫలం స్పష్టంగా ఉంటేనే ఇలాంటి సీను పుడుతుంది.

నా అసలు ప్రశ్నకు జవాబు పైసా ఖర్చు లేకుండా దొరికింది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక సాహిత్య సభ అయ్యాక ఒక పెద్దాయనకు రెండు పేజీలు చూపించాను. నిలబడే చదివి, "అమ్మా, ఈ తోడికోడలు ఇంతకుముందు ఈమెను ఎప్పుడైనా ఏమైనా అందా?" అని అడిగారు. అంతే, నాకు జవాబు తట్టింది. పోలమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో తన పట్టీ కనబడకపోతే తోడికోడలు అందరి ముందూ పోలమ్మ పెట్టె వెతికించింది. ఆ మాట పడ్డ మనిషి, కమ్మలు తాకట్టు పెట్టానని చచ్చినా చెప్పదు. 6,500 పుచ్చుకున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది.

డబ్బు వెనక్కివ్వమంటే ఫోన్‌లో అబ్బాయి, "రికార్డింగ్ లింక్ ఇచ్చేశాం కదా మేడం, ఇంక రిఫండ్ ఉండదండి" అన్నాడు. ఆ షరతు ప్రకటనలో ఎక్కడా లేదు.

ఇలాంటి ఏ కోర్సులో చేరాలన్నా ముందు ఒక పేజీ పంపి, దానిమీద అభిప్రాయం రాయించుకుని చూడండి. మీ కథలోని మనుషుల పేర్లూ, వాళ్ల పనులూ అందులో లేకపోతే కట్టకండి. చదివేది ఎవరో, రిఫండ్ షరతులేంటో రాతలో తీసుకోండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేను చేశాను, ఫిర్యాదు నమోదైంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు, రెండేళ్లలోపు కేసు వేయాలి.

నా బ్యాచ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకొచ్చిన అభిప్రాయం షీటు, ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు డిలీట్ చేయకుండా నాకు పంపండి. రమేష్ ఎన్ని షీట్లలో ఉన్నాడో చూపిస్తే ఫిర్యాదుకు బలం వస్తుంది.