కోహా: అయిదు గ్రంథాలయాలు, ఒకటే కేటలాగు

"మొదటి సంపుటం చదివేశానండీ, రెండోది ఉందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కొత్తగా తెరిచిన ఉమ్మడి కేటలాగులో వెతికాను. లేదంది. అయిదు గ్రంథాలయాల పుస్తకాలూ ఇక ఒకే చోట వెతుక్కోవచ్చని రెండు రోజుల ముందే గోడకు పెద్ద కాగితం అంటించింది నేనే. ఆమె ఎదుటే పక్క గ్రంథాలయానికి ఫోను చేయాల్సి వచ్చింది. పుస్తకం అక్కడ అలమరలోనే ఉంది. ఈ తప్పు ఎలా జరిగిందో కొంచెం ఆగి చెబుతాను.

మేం వాడుతున్నది కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్. న్యూజీలాండ్‌లోని హోరోవెనువా గ్రంథాలయాల పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని తేలినప్పుడు, 1999లో కటీపో అనే చిన్న సంస్థ వాళ్ల కోసం దీన్ని రాసింది. 2000 జనవరిలో అది పనిలోకి దిగింది. రాసినదాన్ని తమ దగ్గరే దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. పుచ్చుకున్నవారు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వాల్సిన కానుక. ఇరవై రెండేళ్లుగా కేటలాగింగ్ చేస్తున్న నాకు సాఫ్ట్‌వేర్ పేర్లంటే గౌరవం తక్కువ గానీ ఈ పేరు మాత్రం నచ్చింది.

మా కష్టాలు సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడంతో మొదలుకాలేదు. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసిన మిత్రుడొకరు ఒక పూటలో ఆ పని ముగించి టీ తాగి వెళ్లిపోయారు. అసలు కథ యాక్సెషన్ నంబర్లతో, అంటే పుస్తకం చేరినప్పుడు రిజిస్టరులో ఇచ్చే వరుస సంఖ్యలతో మొదలైంది. ప్రతి గ్రంథాలయంలోనూ రిజిస్టరు ఒకటో నంబరుతోనే మొదలవుతుంది కదా! అంటే 417 నంబరు పుస్తకాలు మాకు అయిదున్నాయి. కోహాలో ఒక బార్‌కోడు ఒక ప్రతికే ఉండాలి. ఆ విషయంలో రాజీ లేదు. మేం ఆ నంబర్లనే బార్‌కోడ్లుగా పెట్టి జాబితాలు ఎక్కించేసరికి రెండో గ్రంథాలయం నుంచి పుస్తకాల వివరాలు వచ్చాయి, ప్రతులు రాలేదు. తెర మీద వందల పుస్తకాలు, ఒక్కటీ ఎక్కడా లేదు! ప్రతి నంబరు ముందూ గ్రంథాలయం గుర్తుగా రెండంకెలు చేర్చాం. ఎక్సెల్ ఆ ముందున్న సున్నాలను మింగేసింది. గడులను ముందే టెక్స్టుగా మార్చుకోవాలని నాకు తెలుసు. తెలిసీ మరిచిపోయాను.

ఇక్కడే కోహాకు నా మొదటి దండం. జాబితాలను నేరుగా కేటలాగులో పడేయదు. ముందు ఒక వసారాలో కూర్చోబెడుతుంది. ఎన్ని కొత్తవి, ఎన్ని ఇప్పటికే ఉన్నవాటితో సరిపోలాయి అని చూపించాకే లోపలికి పంపమంటుంది. పంపాక తప్పని తెలిస్తే ఆ విడత మొత్తాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆ మీటను నేను నాలుగుసార్లు నొక్కాను. ఈ ఒక్క సౌకర్యం లేకపోతే ఈ సమీక్ష ఇంకో భాషలో ఉండేది, తిట్ల భాషలో.

ఇక రెండో సంపుటం సంగతి. ఒకే పుస్తకం మూడు గ్రంథాలయాల్లో ఉంటే కేటలాగులో ఒకే రికార్డు ఉండాలి, దాని కింద మూడు ప్రతులు కనిపించాలి. అందుకు సరిపోల్చే నియమం పెట్టుకోవాలి. అందరూ చేసినట్టే మేమూ పుస్తకాలకు వేసే అంతర్జాతీయ గుర్తింపు నంబరైన ఐఎస్‌బీఎన్‌ను నమ్ముకున్నాం. 2007కు ముందు పది అంకెలు, ఆ తర్వాత పదమూడు. రెండూ ఒకటేనని గుర్తించమని కోహాకు చెప్పవచ్చు, అది చక్కగా పనిచేసింది. పాత పుస్తకాలకు ఆ నంబరే ఉండదు కాబట్టి వాటిని పేరు, రచయిత, సంవత్సరం చూసి కలిపాం. మేం ఊహించనిది మరొకటి: కొందరు ప్రచురణకర్తలు సంపుటాలన్నిటికీ కలిపి ఒకే నంబరు వేస్తారు. నంబరు ఒకటే కాబట్టి రెండో సంపుటం మొదటిదానికి మరో ప్రతి అయి కూర్చుంది. ఆ పాఠకురాలికి నేను లేదని చెప్పిన పుస్తకం తెర మీద నా కళ్ల ముందే ఉంది, మొదటి సంపుటం పేరుతో.

సాఫ్ట్‌వేర్‌ను తప్పు పట్టలేను. మేం చెప్పిందే చేసింది. కానీ ఇలాంటి జంటల మీద అనుమానం వ్యక్తం చేసే తెలివి దానికి ఉంటే బాగుండేది. చివరికి బహుళ సంపుటాలన్నిటినీ పుస్తకం చేతిలో పట్టుకుని చూశాం. సంపుటం సంఖ్యకు మార్క్ రికార్డులో, అంటే పుస్తక వివరాలను నంబర్లున్న గడుల్లో నింపే ప్రామాణిక పట్టికలో, 245 క్షేత్రం కింద ప్రత్యేకంగా చోటుంది. ఇన్నేళ్లుగా దాన్ని ఖాళీగా వదిలేసింది మేమే.

తెలుగులో వెతకడం ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. పెట్టిన వెంటనే అయితే బాగుండదు. కోహా వెనక వెతికే పని జీబ్రా అనే మరో సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మామూలు అమరికలో అది రోమను లిపికి అలవాటుపడినది. ఇతర లిపులనూ అర్థం చేసుకునే ఐసీయూ అనే పద్ధతికి మార్చాలి. మార్చాక కూడా 'సాఫ్ట్‌వేర్' అని వెతికితే కొన్ని పుస్తకాలు వచ్చాయి, 'సాఫ్ట్వేర్' అంటే వేరే కొన్ని వచ్చాయి. మొదటిదాంట్లో ట్, వే మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, వాటిని కలవనివ్వకుండా. మనకు రెండూ ఒకటే, యంత్రానికి కావు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఐసీయూ ఫైల్లో ఒక లైను చేర్చి, మొత్తం సూచికను మళ్లీ కట్టించాక రెండూ కలిశాయి. ఆ లైను కోసం మూడు సాయంత్రాలు పోయాయి.

బయటి గ్రంథాలయాల రికార్డులను తెచ్చుకునే జడ్39.50 సౌకర్యం ఇంగ్లిషు పుస్తకాలకు వరం. తెలుగు పుస్తకాలకు మాకు దొరికినవి చాలావరకు రోమను లిపిలో, అక్షరాల కింద చుక్కలతో, పైన గీతలతో వచ్చాయి. తెలుగు పేరును మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. ఒకే రచయిత్రి పేరు మా దగ్గర ఏడు రకాలుగా తేలింది: ఇంటిపేరు ముందు, వెనక, పొడి అక్షరాలతో, కలం పేరుతో... వాటిని ఒకే ప్రామాణిక రూపానికి ముడిపెట్టే ఏర్పాటు కోహాలో ఉంది. ఏది ప్రామాణికమో తేల్చడానికి మాత్రం అయిదుగురం ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. ఓడిపోయాను, ఇప్పటికీ ఒప్పుకోను.

రోజువారీ ఇచ్చిపుచ్చుకోవడంలో ఫిర్యాదు లేదు. ఒక చోట పుస్తకం 14 రోజులకు ఇస్తారు, మరోచోట 21 రోజులకు. ఎవరి నియమం వారికే ఉంచవచ్చు. ఏటా మే, నవంబరు నెలల్లో కొత్త వెర్షన్ వస్తుంది. అసలు సర్వరు మీద ముందు ప్రయత్నించకండి, పక్కన ఒక నకలు పెట్టుకోండి. లైసెన్సుకు డబ్బు లేదు గానీ సర్వరుకు, దాన్ని చూసుకునే మనిషికి ఖర్చుంటుంది. ఆ మనిషి లేకుండా మొదలుపెట్టవద్దనే నా సలహా.

పదుల కొద్దీ గ్రంథాలయాలు కలుస్తుంటే ఎవర్‌గ్రీన్ అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్‌నూ చూడాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ప్రజా గ్రంథాలయాలు 2006లో దానికి మారాయి, మొదటి నుంచీ కూటముల కోసం రాసినదే. మా అయిదింటికి అది ఏనుగు. ఎవరి సాఫ్ట్‌వేర్ వారే ఉంచుకుని, వెతకడం మాత్రమే ఒకచోట కావాలంటే విలనోవా విశ్వవిద్యాలయం వారి వ్యూఫైండ్ ఉంది. పుస్తకం ఇప్పుడు అలమరలో ఉందో లేదో చూపించాలంటే మాత్రం ఒక్కో వ్యవస్థకూ విడిగా లంకె కుదర్చాలి.

కోహాకు నా లెక్కలో అయిదుకు నాలుగు. ఆ ఒకటీ తెలుగు వెతుకులాటకు కోసుకున్నాను. పాఠకురాలు పోయిన వారం మళ్లీ వచ్చి మూడో సంపుటం అడిగారు. ఈసారి దొరికింది, నాలుగో గ్రంథాలయంలో. ఆమె పేరున నమోదు చేశాను. మర్నాడు అక్కడివాళ్లు దాన్ని స్కాన్ చేయగానే, మాకు పంపమంటూ చీటీ వచ్చిందట. రెండో సంపుటం ఇంకా ఆమె దగ్గరే ఉంది, గడువు దాటి నాలుగు రోజులైంది.