కూపనా, పింఛనా: చైనా జనం చేత ఖర్చు పెట్టించాలంటే ఏది మేలు?

అనంతపురంలో నేను లెక్కలు రాసే అంగళ్లలో ఈ మధ్య ఒకటే ప్రశ్న. "అన్నా, చైనాలో సామాన్లు కొనుక్కోమని ప్రభుత్వమే డబ్బులిస్తోందంట, దాంతో మనకేమన్నా ఒరుగుతుందా?"

అక్కడి జీడీపీలో ఇళ్లవాళ్లు పెట్టే ఖర్చు 40 శాతం దగ్గర్లోనే ఆగిపోయింది. మన దేశంలో అది 60 దగ్గర. ఈ సమతూకం సరిగా లేదని చైనా అప్పటి ప్రధాని వెన్ జియాబావో 2007లోనే అన్నారు. అయినా అపార్ట్‌మెంట్లు కట్టుకుంటూ పోయారు. 2021లో ఇళ్లు కట్టి అమ్మే పెద్ద కంపెనీ ఎవర్‌గ్రాండ్ అప్పులు కట్టలేక చేతులెత్తేశాక ఆ దారీ మూసుకుపోయింది. ఇక మిగిలింది జనం జేబే.

ఇప్పుడు నడుస్తున్నది కూపన్ దారి. పాత ఫ్రిజ్ ఇచ్చి కొత్తది తీసుకుంటే 2024, 2025లో ధరలో 15 నుంచి 20 శాతం ప్రభుత్వమే భరించింది. దీనికి 2024లో 15,000 కోట్ల యువాన్లు, 2025లో 30,000 కోట్లు కేటాయించారు. వెంటనే అమ్మకాలు లేస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఆ తర్వాత?

నాకు తెలిసిన ఒక టీవీల అంగడి సంగతి చెప్తాను. జీఎస్టీ తగ్గుతుందని 2025 ఆగస్టు 15న ప్రకటన రాగానే పెద్ద టీవీ కొనేవాళ్లంతా ఆగిపోయారు. సెప్టెంబరు 22న 28 శాతం కాస్తా 18 అయ్యింది. దసరాకు నిలబడేందుకు చోటు లేదు. ఆ ఊపు చూసి ఆయన గోడౌన్ నింపేశాడు. డిసెంబరులో నేను పుస్తకాలు చూడటానికి పోతే 43 అంగుళాల పెట్టెల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. వచ్చే ఏడాది కొనాల్సినవాళ్లు కూడా దసరాకే కొనేశారు మరి.

అదే అంగట్లో కౌంటర్ కింద ఒక పొడుగు నోటు పుస్తకం ఉంది. దాని పేరే పింఛన్ ఖాతా. ఒక అవ్వ మిక్సీ తీసుకుపోతూ, "ఒకటో తారీకు ఐదు నూర్లు ఇస్తా, రాసుకో నాయనా" అంటుంది. ఆయన మారుమాట్లాడకుండా రాసుకుంటాడు. ఒకటో తారీకు 4,000 వస్తాయని ఇద్దరికీ తెలుసు. నా మటుకు అసలు కీలకం ఇదే. వచ్చే నెల మీద నమ్మకం ఉంటే చేతిలో డబ్బు లేకపోయినా వ్యాపారం జరుగుతుంది. అది లేనివాడికి కూపన్ ఇచ్చినా, మిగిలిన డబ్బు ఆస్పత్రి ఖర్చుకని దాచుకుంటాడు.

చైనా పల్లెల్లో ముసలివాళ్లకు కేంద్రం ఖాయం చేసిన కనీస పింఛను 2025లో నెలకు 143 యువాన్లు. మన లెక్కలో 1,700 చిల్లర. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి, అయినా అంతంత మాత్రమే. పనికోసం పట్నం పోయినవాళ్లకు అక్కడి నివాస పత్రం లేకపోతే బడి, వైద్యం సరిగా అందవు. సంపాదనలో మూడో వంతు దాకా దాచుకోవడంలో వింతేముంది? మూడేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 యువాన్లు ఇవ్వడం 2025లోనే మొదలైంది. అది ఈ దారిలో చిన్న అడుగు.

పింఛనుకూ ఇబ్బందులున్నాయి. ఒకసారి మొదలుపెడితే ఆపలేరు, ఫలితమూ నిదానం. ఇలాంటివి జనాన్ని సోమరులను చేస్తాయని చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ 2021లో హెచ్చరించారు. మన టీ అంగళ్ల దగ్గర రోజూ వినే మాటే! అయినా నేను పింఛను వైపే.

వడ్డీ తగ్గించడం మూడో దారి. ఇంటి రేటు పడిపోయి పాత అప్పు తీర్చడానికే తంటాలు పడేవాడు కొత్త అప్పు చెయ్యడు. దాని గురించి ఇంతకన్నా అవసరం లేదు.

ఇక మనవాళ్ల సంగతి. కూపన్ల దారే సాగితే అక్కడి ఫ్యాక్టరీలు తగ్గవు, మిగిలిన సరుకు బయటికే వస్తుంది. 2022 చివరి నుంచి 2025 దాకా అక్కడ ఫ్యాక్టరీ ధరలు పడుతూనే వచ్చాయి. విడిభాగాలు తెచ్చుకునేవాళ్లకు అది మంచిదే, వాటిని ఇక్కడ తయారుచేసేవాళ్లకు కష్టం. పింఛన్ల దారి పడితే అక్కడ తిండి, వైద్యం, ప్రయాణాల మీద ఖర్చు పెరుగుతుంది. రెండింట్లో ఏది జరిగినా చైనాలో మళ్లీ మునుపటిలా ఇళ్లు లేస్తాయని, చైనాకు పోయే మన గ్రానైట్ దిమ్మెలకు ఆ రోజులు తిరిగొస్తాయని చీమకుర్తిలో ఎవరైనా కాచుకుని ఉంటే ఆ ఆశ వదులుకోవడం మంచిది.

టీవీల అంగడాయన సంక్రాంతికి పెద్ద టీవీలు ఆరంటే ఆరే తెప్పించాడు. మిక్సీలు మాత్రం రెండు డజన్లు.