48 గంటల లెక్క, రెండు రాత్రుల ఓడ

రైలు కలబురగి దాటాక సిగ్నల్ వచ్చీ పోతూ ఉంది. పులిహోర డబ్బాలు సర్దుతుంటే వదిన ఫోన్‌కి కరోనా పరీక్ష రిపోర్టుల పీడీఎఫ్‌లు రెండు వచ్చాయి. మొదటిది తనది, నెగెటివ్. రెండోది అన్నయ్యది. దాని మీద నెగెటివ్ అనీ లేదు, పాజిటివ్ అనీ లేదు. ‘ఇన్‌కన్‌క్లూజివ్, మళ్లీ శాంపిల్ ఇవ్వండి’ అని ఉంది. ఓడ ఎక్కడానికి ఇంకా ఇరవై గంటలే ఉంది.

2021 నవంబర్ సంగతి ఇది. ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో అలలో చూసిందంతా చూశాక, ఎక్కడికైనా పోయి నాలుగు రోజులు గాలి పీల్చుకుని రావాలని మా ఆయనకి పట్టింది. 2020 మార్చిలో ప్రయాణికుల ఓడలకి మన రేవులు మూసేశారు. మళ్లీ 2021 సెప్టెంబర్‌లో ముంబయి నుంచి ఒక ఓడ తిరగడం మొదలైంది. గోవా, లక్షద్వీప్, లేదంటే ఊరికే సముద్రంలో తిరిగి వెనక్కి రావడం. మేము ఆ చివరిదే ఎంచుకున్నాం. రెండు రాత్రులే, మధ్యలో ఏ ఊళ్లోనూ దిగేది లేదు. దిగే ఊళ్లు తగ్గితే అడిగే కాగితాలూ తగ్గుతాయని మా లెక్క. సింగపూర్ వాళ్లు 2020 నవంబర్‌లో ఇలాగే ఎక్కడా ఆగని ఓడలతోనే మళ్లీ మొదలుపెట్టారు.

అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. టీవీలో చూసింది ఆవిడ మరిచిపోలేదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడని కట్టేస్తే, అందులో ఉన్న 3,711 మందిలో 712 మందికి కరోనా వచ్చింది. మనవాళ్లు కూడా 138 మంది ఉన్నారు, ఎక్కువ మంది పనిచేసేవాళ్లే. కిటికీ లేని గదుల్లో రోజుల తరబడి కూర్చోబెట్టారని ఆవిడకి గుర్తు. అసలు భయం అంతకన్నా పాతది. బెజవాడ వాళ్లకి కార్తీకమాసం, పడవ అనే రెండు మాటలు కలిపి వింటే 2017 నవంబర్ 12 గుర్తొస్తుంది. ఆ ఆదివారం కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. రెండేళ్లకి గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం. ‘నీళ్ల మీదకి నన్ను లాగకండ్రా’ అని కొడుకుతో అనేసింది. మనవడు అడిగితే ఒప్పుకుంది. అది వేరే కథ.

గవర్నర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర బుక్ చేశాం. ‘ఏం టెన్షన్ పడకండి మేడమ్, ఎవరికైనా తేడా వస్తే ఫుల్ రిఫండ్’ అన్నాడు. నోటితోనే అన్నాడు. మెయిల్‌లో వచ్చిన నిబంధనలు నేను ఇంటికొచ్చాక చదివాను. రెండు డోసులు పూర్తయిన సర్టిఫికెట్, దానితో పాటు ఓడ ఎక్కే సమయానికి 48 గంటలు దాటని ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు. పిల్లలకి అప్పటికి టీకా లేదు కాబట్టి వాళ్లకి రిపోర్టు ఒక్కటే.

ఈ 48 గంటలు ముంబయిలో ఉండేవాళ్లకి పెద్ద విషయం కాదు. శనివారం శాంపిల్, ఆదివారం రిపోర్టు, సోమవారం ఓడ. బెజవాడ నుంచి వెళ్లేవాళ్లకి మాత్రం అందులో సగం రైలుకే పోతుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ ఎక్కితే ముంబయి చేరేసరికి దాదాపు ఒక రోజు. శాంపిల్ శనివారం మధ్యాహ్నం తర్వాతే ఇవ్వాలి, ముందిస్తే రేవు దగ్గర చెల్లదు. తర్వాత ఇస్తే రిపోర్టు రైల్లో వస్తుంది. అంటే ఇల్లు తాళం వేసి, డబ్బు కట్టి, సగం దారి వెళ్లాక తెలుస్తుంది మనం వెళ్లొచ్చో లేదో. విమానమైతే ఈ బాధ తగ్గేది. నలుగురికి, గుంటూరు నుంచి వచ్చే అన్నయ్యా వదినలతో కలిపి ఆరుగురికి విమానం అంటే ఓడ ఖర్చుకి సమానంగా తేలింది.

పరీక్షకి అప్పట్లో ప్రభుత్వం పెట్టిన ధర 499. మా ల్యాబ్ వాళ్లు ‘మర్నాటికి కావాలంటే ఎక్స్‌ప్రెస్’ అని ఇంకొంత తీసుకున్నారు, రసీదులో మాత్రం ఆ మాట లేదు. సరే, రిపోర్టు మాత్రం ఆదివారం పొద్దున్నే పంపారు. అందులో ఇంకో తమాషా. అత్తయ్య పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది, టీకా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ల్యాబ్ రిపోర్టులో ఇంటిపేరే లేదు. మూడు కాగితాల్లో ముగ్గురు ఆడవాళ్లు. రైల్లోంచి ల్యాబ్‌కి ఏడుసార్లు ఫోన్ చేస్తే సికింద్రాబాద్ వచ్చేలోపు సరిచేసి పంపారు. ఇంటిపేరు ముందు రాసే మనలాంటి వాళ్లు బుక్ చేసేటప్పుడే ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు అన్నిచోట్లా రాయించుకోవడం మంచిది.

రైలు గురించి రెండు మాటలు. ఆ ఆదివారం స్టేషన్ కిక్కిరిసి ఉంది. నెల్లూరు దగ్గర పడుగుపాడులో వరదకి పట్టాలు దెబ్బతిని చెన్నై వైపు బళ్లు ఆగిపోయాయి, జనమంతా ప్లాట్‌ఫాం మీదే ఉన్నారు. మాస్కులు గడ్డం కింద. ఓడలోకి వైరస్ రాకూడదని ఇన్ని పరీక్షలు చేయించుకుని, ఆ గుంపులో గంటన్నర నిలబడ్డాం. ఏసీ బోగీలో అప్పట్లో కరోనా వల్ల దుప్పట్లు ఇవ్వట్లేదు, వేడి భోజనం కూడా లేదు. దుప్పట్లు, పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే.

ఇక అన్నయ్య రిపోర్టు. వదిన వాళ్లది గుంటూరు బ్రాడీపేట. శనివారం అక్కడే శాంపిల్ ఇచ్చి రాత్రికి మా ఇంటికి వచ్చి పడుకున్నారు. అన్నయ్యకి జ్వరం లేదు, దగ్గు లేదు. పీడీఎఫ్ చూశాక మాత్రం పక్క బెర్తు ఆవిడ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అన్నయ్య లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, పుణె వచ్చేదాకా లోపలికి రాలేదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే ‘పాజిటివ్ వస్తే రిఫండ్ ఉంది మేడమ్, ఇది పాజిటివ్ కాదు కదా’ అన్నాడు. పాజిటివ్ వచ్చినవాడికి డబ్బులు వెనక్కి వస్తాయి, ఏమీ తేలనివాడికి రావు! వదినకి నెగెటివ్ కాబట్టి, ఆవిడ ఎక్కకపోతే అది ఆవిడ సొంత క్యాన్సిల్ అట.

ముంబయి సీఎస్ఎంటీ స్టేషన్లో దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఫోర్టు వైపు ఒక చిన్న లాడ్జిలో సగం రోజుకి రెండు గదులు తీసుకున్నాం. గది ఇరుకు, బాత్రూం శుభ్రం, మేనేజర్ మంచివాడు. రిపోర్టు సంగతి దాచకుండా చెప్తే అన్నయ్యకి చివరి గది, కిటికీ ఉన్నది ఇచ్చాడు. ఎనిమిదింటికి ల్యాబ్ తెరవగానే మళ్లీ శాంపిల్. రాత్రికి గానీ రిపోర్టు రాదన్నారు. వదిన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ‘మీరు వెళ్లండి, నేను ఈయనతో ఉంటాను’ అంది. ఆ రాత్రి తొమ్మిదింటికి నెగెటివ్ వచ్చింది. అప్పటికి మేము సముద్రంలో ఉన్నాం.

లాడ్జి నుంచి బల్లార్డ్ పియర్‌కి టాక్సీలో పది నిమిషాలు కూడా పట్టలేదు. గ్రీన్ గేట్ దగ్గర పొడవాటి వరస. ఫారంలో ‘గత 14 రోజుల్లో కోవిడ్ ఉన్నవారితో దగ్గరగా మెలిగారా’ అని ఉంది. మా ఆయన నా వైపు చూశారు. ‘లేదు’ అని రాస్తే అబద్ధం కాదు, నిజమూ కాదు. అక్కడి డాక్టరుకి చెప్పేశాం. ఆయన విసుక్కోలేదు, పక్కన కూర్చోబెట్టి నలుగురికీ ర్యాపిడ్ టెస్టు చేయించి పంపాడు. ఆ అరగంట నేను ఎవరితోనూ మాట్లాడలేదు. చెప్పకపోతే అడిగేవాళ్లు లేరు, వాళ్లు చూసేది కాగితాన్నే. మా ముందూ వెనకా ఎంతమంది చెప్పి ఉంటారో మరి.

ఓడ మంచిదే. సర్వీసు కూడా నేను అనుకున్నదానికంటే బాగుంది. మాకు గుండ్రటి కిటికీ ఉన్న కేబిన్. కిటికీ తెరుచుకోదు గానీ, వెలుతురు ఉంటుంది. కిటికీ లేనివి చవక. కానీ అప్పట్లో ఓడలో ఎవరికైనా కరోనా తేలితే గదిలోంచి కదలనిచ్చేవారు కాదు, ఆ లెక్క చూసుకుంటే కొంత ఎక్కువ పెట్టి కిటికీ తీసుకోవడమే నయం అనిపించింది. పైగా బెజవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో 2020 ఆగస్టులో మంటలు రేగి పది మంది పోయారు. అప్పటి నుంచి మూసిన గది అంటే అత్తయ్యకి పడదు. కేబిన్‌లోకి రాగానే మొదట అడిగింది బయటకి దారి ఎటు అని. లైఫ్‌జాకెట్ డ్రిల్ అందరికన్నా శ్రద్ధగా విన్నది ఆవిడే.

బఫేలో మన చేత్తో గరిటె ముట్టుకోనివ్వలేదు, వాళ్లే వడ్డించారు. ఇది కరోనా పోయినా ఉంచాల్సిన పద్ధతి. ఉల్లి, వెల్లుల్లి లేని వంట జైనుల కౌంటర్లో దొరకడంతో అత్తయ్య కార్తీకమాసం గట్టెక్కింది. చారు మాత్రం లేదు. భోజనాల గది గుమ్మంలో ప్రతిసారీ జ్వరం చూసేవారు. మా ఆయనకి మొదటి రాత్రి ఓడ ఊగుడికి వాంతులు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వద్దంటే వద్దు, ఎక్కడ ఐసొలేషన్ కేబిన్‌లో పడేస్తారోనని. దగ్గు వస్తే మింగేశారు. పగలంతా మాస్కు పెట్టుకోమని చెప్పే సిబ్బంది రాత్రి డాన్సు హాల్లో చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు లేరు. మా అబ్బాయికి పిల్లల ఆటగదిలో దొరికింది రోజుకి ఒక గంటే, వంతులవారీగా. వైఫై ఖరీదు, మేము కొనలేదు. అందుకే అన్నయ్య నెగెటివ్ సంగతి మర్నాడు ఎవరిదో ఫోన్ అడుక్కుంటే గానీ తెలియలేదు.

సోమవారం సాయంత్రం గురించి చెప్పాలి. అత్తయ్యకి ఉపవాసం, చుక్క కనపడితే గానీ ముద్ద దిగదు. పొద్దు గుంకాక డెక్ మీదకి తీసుకెళ్లాం. పైన పెద్ద పెద్ద లైట్లు, పాటలు, ఆకాశమంతా తెల్లగా పాలిపోయి ఉంది. ఓడ వెనక చివర, లైట్లు తక్కువున్న చోటు వెతుక్కుని నిలబడ్డాం. పడమట ఒక్కటి ధగధగా మెరుస్తోంది.

‘అదిగో’ అంది అత్తయ్య, చేతులు జోడిస్తూ.

‘అది చుక్క కాదు నానమ్మా, శుక్రుడు. గ్రహం’ అన్నాడు మా వాడు, ఫోన్లో యాప్ చూపిస్తూ.

‘శుక్రుడు చుక్క కాకుండా ఎలా పోతాడురా?’

‘సైన్సు టీచరు చెప్పారు.’

ఆవిడ కాసేపు ఆలోచించి, అనుమానం ఎందుకులే అని ఇంకో పావుగంట నిలబడింది. ఆకలితో, ఆ గాలిలో, అరవై ఎనిమిదేళ్ల మనిషి. నెత్తిమీద సన్నటి చుక్క ఒకటి తేలాక వాడు సరే అన్నాడు. మొత్తం ప్రయాణంలో పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందని నాకు అనిపించింది ఆ పావుగంటలోనే.

మంగళవారం చుట్టూ నీళ్లే. కొందరికి బోరు కొడుతుంది, నాకు కొట్టలేదు. బుధవారం పొద్దున్నే దిగాం, దిగేటప్పుడు ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. అదే కోణార్క్‌లో, ఈసారి ఆరుగురం కలిసి, గురువారానికి ఇల్లు చేరాం. మర్నాడే, నవంబర్ 26న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రకానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టింది.

ఆ ఆదివారం మా వీధివాళ్లతో భవానీ ద్వీపంలో వనభోజనాలు. పున్నమి ఘాట్ నుంచి పడవ, ఒడ్డునే లైఫ్‌జాకెట్ కట్టి గానీ ఎక్కించలేదు. అన్నయ్యా వదినా గుంటూరు నుంచి వచ్చారు. పడవలో నాలుగువైపులా గాలి, నాలుగు నిమిషాల్లో అవతల. ఉసిరి చెట్టు కింద వంకాయ కూర, పప్పుచారు. అప్పుడు ద్వీపంలో మరుగుదొడ్లు బాగాలేవు, తాగునీళ్లు మనమే తీసుకెళ్లాల్సి వచ్చింది. అయినా ఆ కరోనా రోజుల్లో నీళ్ల మీద ఒక పూట గడపాలని ఎవరడిగినా నేను ముందు ఇటే పంపేదాన్ని. ఓడే కావాలంటే ఒక రోజు ముందుగా ముంబయి చేరి, అందరూ ఒకే ల్యాబ్‌లో అక్కడే పరీక్ష చేయించుకోమనేదాన్ని. ‘ఏమీ తేలకపోతే ఏం చేస్తారు’ అని ఏజెంటుని అడిగి మెయిల్‌లో రాయించుకోమనేదాన్ని.

నెల రోజులు పోట్లాడాక వదిన వాళ్లకి డబ్బుకి బదులు ఆరు నెలల వోచర్ ఇచ్చారు. జనవరి మొదటి వారంలో ముంబయి నుంచి గోవా వెళ్లిన ఓడలో దాదాపు రెండు వేల మందిలో 66 మందికి పాజిటివ్ అని టీవీలో వచ్చింది. వదిన ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, మేమెక్కిన కేబిన్‌కి కిటికీ ఉందా లేదా అని అడిగింది. ఏప్రిల్‌లో ఏజెంటు తనే ఫోన్ చేసి ‘ఇప్పుడు రూల్స్ తగ్గాయి మేడమ్, డేట్ చెప్పండి’ అన్నాడట. పిల్లల పరీక్షలన్నారు, ఎండలన్నారు. జూన్ నెలాఖరుకి గడువు అయిపోయింది. వోచర్ పీడీఎఫ్ మాత్రం వదిన ఫోన్లో ఉంది, అన్నయ్య రిపోర్టు పక్కనే.