హింజ్ రిలీజ్‌తో నాలుగు సీజన్లు: నా వేలి తొందర ఎలా తగ్గింది

ముందే ఒక మాట. రిలీజ్ అంటే విల్లు నారికి తగిలించి లాగి, బాణం వదలడానికి చేత్తో వాడే చిన్న పరికరం, హింజ్ అందులో ఒక రకం. ఇది అమెరికాలో విల్లు సీజన్‌లో లైసెన్సు, ట్యాగు (జింకను వేటాడేందుకు ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని చేసే తెల్లతోక జింకల వేట గురించి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అయితే కాంపౌండ్ విల్లుతో (కొనల్లో చక్రాలుండే ఆధునిక విల్లు) టార్గెట్ మీద సాధన చేసేవాళ్లకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

నాలుగేళ్ల కిందట ఒక అక్టోబరు సాయంత్రం చెట్టు మీద స్టాండ్‌లో ఉన్నాను. కింద 22 గజాల దూరంలో ఒక ఆడజింక పక్కకు తిరిగి నిలబడి ఓక్ కాయలు ఏరుకుని తింటోంది. సాధనలో అదే దూరానికి నా బాణాలన్నీ అరచేయంత చోట దిగేవి. నారి లాగాను. విల్లు మీద గురి చూసే సైటు చుక్క జింక భుజం వెనక్కి వచ్చిందో లేదో, వేలు ట్రిగ్గర్ నొక్కేసింది. వదలాలని నేను అనుకోనేలేదు. బాణం పొట్ట కిందుగా పోయి మట్టిలో దిగింది, జింక క్షేమంగా వెళ్లిపోయింది. ఒక జానెడు పైకి తగిలి ఉంటే ఆ ప్రాణి రాత్రంతా నరకం పడి చచ్చేది. ఆ తలంపు చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

విలుకాళ్లు దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. జింక ఎదురుగా ఉన్నప్పుడు వచ్చే వణుకు దానికి తోడైతే ఇక పట్టపగ్గాలుండవు. గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, వేళ్లు మొద్దుబారినట్టవుతాయి. ధైర్యం తెచ్చుకోమని చాలామంది చెప్పారు. ధైర్యం లోటు కాదది. గురి కుదిరిన క్షణాన "ఇప్పుడే" అని మెదడు ఇచ్చే ఆజ్ఞకు వేలు అలవాటుపడిపోయింది. తెగాల్సింది ఆ ముడి.

అందుకే మణికట్టుకు కట్టుకునే ట్రిగ్గర్ రిలీజ్ పక్కనపెట్టి హింజ్ రిలీజ్ కొన్నాను. దీనికి ట్రిగ్గర్ ఉండదు. పిడికిట్లో పట్టుకునే లోహపు పిడి, లోపల అర్ధచంద్రాకారపు చిన్న ముక్క, దాని మీద ఆనుకున్న కొక్కెం, అంతే. నారి పూర్తిగా లాగి దవడ దగ్గర ఆనించాక వెనక వీపు కండరాలు బిగుస్తూ ఉంటే పిడి కొద్దికొద్దిగా తిరుగుతుంది, ఒక చోట కొక్కెం జారి బాణం వెళ్లిపోతుంది. ఎప్పుడు వెళ్తుందో వదిలేవాడికి కూడా కచ్చితంగా తెలియదు. తెలియకపోవడమే దీని మందు.

ఇది మొదటి నెలలో చాలా ప్రమాదకరమైన వస్తువు, ఆ సంగతి దాచను. లాగుతుండగా మణికట్టు కాస్త తిరిగినా సగంలోనే వదిలేస్తుంది. రెండో వారంలో నాకదే జరిగింది. పిడికిలి వచ్చి నా పై పెదవికి తగిలి నెత్తురొచ్చింది. బాణం మాత్రం టార్గెట్ వెనకున్న మట్టిగట్టులోకి పోయింది, ఎందుకంటే నారి లాగేటప్పుడు బాణం మొనను పైకి ఎత్తకుండా టార్గెట్ వైపే ఉంచే అలవాటు నాకు ముందు నుంచీ ఉంది. ఆ అలవాటు లేనివాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. బొటనవేలిని పిడి మీది చిన్న ముల్లుకు గట్టిగా ఆనించి, భారమంతా చూపుడువేలి మీదే ఉంచి లాగాలి. దవడ దగ్గర ఆనాకే బొటనవేలు తీయాలి. ఆ దెబ్బ తర్వాత నెలరోజులు విల్లు ముట్టలేదు. నా చేతుల కొలతకు ఒక గట్టి తాడును వలయంగా ముడివేసి, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని రిలీజ్‌ను దానికే తగిలించి లాగేవాణ్ణి. రోజుకు యాభై సార్లు. ఈ మెట్టు ఎవరూ దాటవేయకూడదని గట్టిగా చెబుతాను.

తర్వాత మూడు నెలలు అయిదు గజాల దూరంలో పెద్ద దిమ్మెను పెట్టుకుని, సైటు తీసేసి, కళ్లు మూసుకుని వేశాను. గురి అనే ఆశే లేకపోతే శరీరం ఏం చేస్తోందో తెలుస్తుంది. నాకు తెలిసిన మొదటి సంగతి, విల్లును పిడికిట్లో బిగించి పట్టుకుంటున్నానని. విల్లు అరచేతిలో బొటనవేలి కింది కండ మీద ఆనాలి, మిగతా వేళ్లు వదులుగా ఉండాలి, గుప్పిట కణుపులు సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి. బిగిస్తే విల్లు పక్కకు మెలితిరుగుతుంది. రెండోది, నా విల్లు నారి వెనక్కి సాగే దూరం నాకు అర అంగుళం ఎక్కువ. చెయ్యి సాగిపోయి భుజం పైకి లేచేది, వీపు పనిచేయడానికి చోటే ఉండేది కాదు. ఆ దూరాన్ని నిర్ణయించే విల్లు కొన చక్రాన్ని, అంటే క్యామ్‌ను, సరిచేయించాక చుక్క ఊగడం సగం తగ్గింది. ఏళ్లుగా ఆ ఊగుడును నా బలహీనత అనుకుంటూ వచ్చాను.

చుక్క ఊగడం గురించి ఇంకో ముక్క. అది ఎవరికీ పూర్తిగా ఆగదు. ఆపాలని చూసేవాడే ట్రిగ్గర్ కొట్టేస్తాడు. ఊగనిచ్చి, చూపు జింక వెంట్రుకల్లో ఒకచోట నిలిపి, వీపును బిగిస్తూ పోవడమే. సాధారణంగా నాకు నాలుగైదు సెకన్లు పడుతుంది. ఎనిమిది దాటితే నారి దించేస్తాను. దించడం కూడా సాధన చేయాలి, దాన్ని ఓటమి అనుకోకూడదు.

ప్రశాంతత సంగతి. రిలీజ్ ఒక్కటే అది ఇవ్వదు, కాకపోతే మనసు చేయడానికి ఒక పని ఇస్తుంది. జింక అడుగుల చప్పుడు వినగానే నాలుగు లెక్కపెట్టి ఊపిరి పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలి, మళ్లీ నాలుగు ఆపుతాను. నారి లాగాక లోపల మూడే మాటలు: చెయ్యి, చూపు, వీపు. ఆ మూడూ తెలుగులోనే అనుకుంటాను, వేరే భాషలో అంత త్వరగా ఒంటికి అందవు. వేసవిలో మెట్లు పదిసార్లు ఎక్కి దిగి, గుండె కొట్టుకుంటుండగానే ఒక్క బాణం వేసేవాణ్ణి. పొద్దున్నే వార్మప్ లేకుండా ఒకే ఒక బాణం వేయడం కూడా. వేటలో రెండోది దొరకదు కదా. స్టాండ్ ఎత్తు నుంచి వేసేటప్పుడు చేతిని కాక నడుమును వంచాలి, లేదంటే ఇంత కష్టపడి కుదుర్చుకున్న ఆనిక చెదిరిపోతుంది. నడుముకు, ఛాతీకి బెల్టు లేకుండా చెట్టెక్కొద్దు.

రెండో సీజన్‌లో తేడా కనిపించింది. ఒక సాయంత్రం 18 గజాల్లో ఆడజింక నిలబడింది. గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది, మోకాళ్లు వణికాయి కూడా. అయినా "చెయ్యి, చూపు, వీపు" నడుస్తూ ఉంది, బాణం దానంతటదే వెళ్లింది. రెండు ఊపిరితిత్తుల్లోంచీ. అరవై గజాల లోపే పడిపోయింది. వణుకు పోలేదు, బాణాన్ని మాత్రం చెడగొట్టలేకపోయింది. అయినా అరగంట ఆగాకే కిందికి దిగాను. కాలేయంలో తగిలిందన్న అనుమానముంటే నాలుగైదు గంటలు, పొట్టలోనైతే ఇంకా చాలా ఎక్కువ ఆగాలి.

ఇక లోపాలు. చలికి మందపాటి గ్లవ్ వేసుకుంటే పిడి తిరిగేది తెలియదు, నేను వేలి కొనలు తెరిచిన సన్నవి వాడుతున్నాను. అర్ధచంద్రం ఒక వైపు వదలబోయే ముందు "టిక్" మంటుంది. సాధనకు అది బాగుంటుంది. అడవి నిశ్శబ్దంలో నాకు నచ్చలేదు, వేటకు తిప్పి చప్పుడు లేని వైపు పెట్టుకున్నాను. అన్నిటికన్నా పెద్ద లోపం, కదిలే జింకకు, రెండు సెకన్ల అవకాశానికి ఇది పనికిరాదు. మూడో సీజన్‌లో మంచి కొమ్ముల మగజింక ఒకటి అలాగే వెళ్లిపోయింది. ఆ రోజు బాధపడ్డాను, ఇప్పుడు లేదు. బాణం సెకనుకు 270 అడుగులు పోతే 30 గజాలకు సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు దానికన్నా పావు సెకను ముందే జింక చెవికి చేరుతుంది. బెదిరి ఉన్న జింకకు ఒళ్లు కిందికి దించడానికి ఆ పావు సెకను చాలు. అలాంటి జింక మీద బాణం వేయనివ్వని పరికరం నాకు మేలే చేసింది.

అందరూ దీనితోనే వేటాడాలని అనను. నాతో వచ్చే మిత్రుడు ఏడాది పొడుగునా హింజ్‌తో సాధన చేసి, సీజన్‌లో బొటనవేలితో నొక్కే రిలీజ్ వాడతాడు, దాన్నీ వీపుతోనే వదులుతాడు. బాగా వేస్తాడు. కొత్తగా విల్లు పట్టినవాళ్లకు అదే సులువైన దారి కావచ్చు. ట్రిగ్గర్ కొట్టే జబ్బు నాలా ముదిరినవాళ్లకు మాత్రం హింజ్ తప్ప వేరే మందు సూచించలేను.

నాది ఇప్పటికీ మొదట కొన్నదే. పిడి మీద రంగు పోయింది, అర్ధచంద్రం ఒకసారి మార్చాను, గీతలు పడితే వదలడం సాఫీగా ఉండదు. సీజన్ జనవరిలో ముగుస్తుంది. ఏప్రిల్‌లో మళ్లీ ఆ తాడు వలయంతోనే మొదలుపెడతాను.