సీకాన్: పోర్టల్ లేపడం తేలికే, డేటా నిలబెట్టడమే అసలు పని

ప్రభుత్వ శాఖల లెక్కలు, జాబితాలు అందరికీ అందేలా పెట్టాలనుకున్న చోట ముందుగా వినిపించే పేరు సీకాన్. ఓపెన్ నాలెడ్జ్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాల డేటా పోర్టళ్లు కూడా నడిచాయి. లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు. అయితే దాని వెనక నడిచే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), సోలర్ (వెతుకులాట ఇంజిన్), రెడిస్ (పనుల వరుసను పట్టుకునేది) మూడింటినీ చూసుకునే మనిషి ఉండాలి. ఆ జీతమే దీని అసలు ధర.

వెతుకులాటకు వంక పెట్టలేం. శాఖ, ట్యాగు, ఫైల్ రకం వారీగా వడపోత చక్కగా పనిచేస్తుంది. ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగి తీసుకునే దారి, అంటే ఎపిఐ, కూడా బాగుంది, కానీ కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. డేటాసెట్లను వెతికే ప్యాకేజ్ సెర్చ్‌లో ఎన్ని కావాలో చెప్పకపోతే 10 డేటాసెట్లే వస్తాయి. ఫైల్ లోపలి వరుసలను వెతికే డేటాస్టోర్ సెర్చ్‌లో అయితే 100 వరుసలు, సెట్టింగ్ మార్చకపోతే గరిష్ఠంగా 32,000. మిగతావి రాలేదని ఎర్రర్ ఏమీ చూపదు. వచ్చిన వరుసలను ‘టోటల్’ అంకెతో పోల్చుకోవాలి, లేదా ఫైల్ మొత్తాన్నీ ఒకేసారి ఇచ్చే డంప్ లింకుతో దించుకోవాలి.

తలనొప్పంతా ఫైల్ ఎక్కించే దగ్గరే. అప్‌లోడ్ హద్దు మొదట్లో 10 ఎంబీ. దాన్ని పెంచి, సీకాన్‌కు ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ హద్దు మరిచిపోతే ‘ఫైల్ మరీ పెద్దది’ అనే 413 ఎర్రర్ వస్తుంది. ఫైల్‌లోని వరుసలను డేటాబేస్‌లోకి ఎక్కించే పాత పరికరం డేటాపుషర్ మొదటి కొన్ని వరుసలు చూసి ఇది అంకెల కాలమ్ అని తేల్చేసుకుంటుంది. ఎక్కడో కింద ‘వివరాలు లేవు’ అని ఒక్క గడిలో కనబడితే చాలు, లోడింగ్ మొత్తం ఆగిపోతుంది. దాని బదులు అదే పని చేసే ఎక్స్‌లోడర్ పెట్టుకోవడమే మేలు. అది అన్నిటినీ ముందు టెక్స్ట్‌గా, చాలా వేగంగా ఎక్కిస్తుంది. కాలమ్‌ల వివరాలుండే డేటా డిక్షనరీలో వాటి రకాలు సరిచేసి మళ్లీ ఎక్కించవచ్చు. స్థితి గంటల తరబడి ‘పెండింగ్’ అనే చూపిస్తుంటే ఫైల్‌ను అనుమానించే ముందు వెనకాల ఈ పనులు చేసే జాబ్స్ వర్కర్ నడుస్తోందో లేదో చూడండి.

కొన్ని తప్పులకు సీకాన్ బాధ్యత లేదు. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే కోడ్‌ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతి ఎంచుకోకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. ఎక్కించే ముందు నోట్‌ప్యాడ్‌లో ఒకసారి తెరిచి చూస్తే రెండూ దొరికిపోతాయి.

మార్కులు తగ్గించాల్సింది డేటాసెట్ ఫారం దగ్గర. లైసెన్సు ‘పేర్కొనలేదు’ అని వదిలేసినా, నిర్వహించేవారి ఈమెయిల్ ఖాళీగా ఉన్నా నోరు మెదపకుండా ఒప్పుకుంటుంది. ఎన్నాళ్లకోసారి తాజా పరుస్తారు అన్న గడే లేదు. లైసెన్సు తెలియని డేటాను వాడుకోవడానికి జాగ్రత్తపరులెవరూ ముందుకు రారు. ఫారం గడులను మార్చుకోనిచ్చే స్కీమింగ్ ఎక్స్‌టెన్షన్ వేసి ఈ మూడు గడులనూ తప్పనిసరి చేయాలి. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. వందల డేటాసెట్లు చేరాక ఖాళీలు పూరించమంటే ఏ శాఖా కదలదు.

ఇంకోటి, శాఖల్లో ఎక్కువగా జరిగేది: కొత్త నెల ఫైల్ రాగానే పాత రిసోర్స్ (డేటాసెట్‌లోని ఒక్కో ఫైల్ పేరిట ఉండే నమోదు) తీసేసి కొత్తది పెడతారు. దాంతో ఐడీ మారిపోయి, ఆ లింకు మీద ఆధారపడ్డ యాప్‌లన్నీ పడిపోతాయి. అదే రిసోర్స్‌ను ఎడిట్ చేసి ఫైల్ మాత్రం మార్చితే ఐడీ అలాగే ఉంటుంది. కాలమ్ పేర్లు మార్చినా ఇదే గొడవ.

పది ఇరవై ఫైళ్లున్న చిన్న కార్యాలయానికి ఇదంతా అనవసర భారం. వాళ్లకు మామూలు వెబ్ పేజీ, శుభ్రమైన సీఎస్‌వీలు చాలు. చాలా శాఖలు, వేర్వేరు ఎడిటర్లు, ఎపిఐ వాడేవాళ్లు ఉన్నచోట మాత్రం సీకాన్‌ను నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు, సర్వర్ చూసే మనిషితో పాటు ఫైళ్లు సరిచూసే మనిషిని కూడా ఇస్తేనే.