రోజుకు డాలరు చొప్పున కట్టిన చర్చి

అట్లాంటాలో ఉండే మనవాళ్లకు టెన్నెసీలోని స్మోకీ మౌంటెన్స్ ట్రిప్ అంటే పిజన్ ఫోర్జ్‌లో నాలుగు కుటుంబాలు కలిసి తీసుకునే క్యాబిన్, గ్యాట్లిన్‌బర్గ్‌లో పార్కింగ్ కోసం చక్కర్లు, రాత్రికి కుక్కర్లో పులావు. మేమూ అలాగే మూడుసార్లు వెళ్లొచ్చాం. జూన్‌లో అమ్మానాన్న మెదక్ నుంచి వచ్చారు కాబట్టి ఈసారి కేడ్స్ కోవ్ కోసమే వెళ్దామనుకున్నాం. అది అక్కడి నేషనల్ పార్క్‌లోని ఒక లోయ, ఒకప్పటి ఊరి ఇళ్లూ చర్చిలూ ఇంకా ఉన్నాయి.

మొదటి రాత్రి పాత అలవాటు కొద్దీ పిజన్ ఫోర్జ్‌లోనే దిగాం. క్యాబిన్ ఫొటోల్లో బాగానే ఉంది. తీరా చూస్తే పడకగదులన్నీ కింది అంతస్తులో, మెట్లు నిటారుగా. అమ్మ మోకాళ్లకు అది శిక్షే. పైగా క్లీనింగ్ ఫీజు ఒక రాత్రి అద్దెలో సగం ఉంది. మర్నాడు గంటకు పైగా డ్రైవ్ చేసి కేడ్స్ కోవ్ చేరితే గేటు మూసి ఉంది. ఆ రోజు బుధవారం. మే నుంచి సెప్టెంబర్ దాకా బుధవారాల్లో అక్కడ కార్లను వదలరు, నడకకూ సైకిళ్లకూ మాత్రమే. ఇది ముందే చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్.

ఆ సాయంత్రమే టౌన్‌సెండ్‌కి మారిపోయాం. ఇక్కడ జెయింట్ వీల్సూ మ్యూజియంలూ లేవు. ఒక నది, కొన్ని హోటళ్లు, అంతే. కేడ్స్ కోవ్ అరగంట కూడా పట్టదు. మేం తీసుకున్నది పాత మోటల్, గ్రౌండ్ ఫ్లోర్ గది, చిన్న స్టవ్. ఏసీ చప్పుడు కాస్త ఎక్కువ, అయినా పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు దీనికే.

లోపల 11 మైళ్ల రింగు రోడ్డు, వన్ వే. ప్రవేశ రుసుము లేదు కానీ 15 నిమిషాలకు మించి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కావాలి, రోజుకు 5 డాలర్లు. పెట్రోలు బంకు లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ వద్దు. ఎలుగుబంటి కనబడిందంటే ముందున్న కార్లన్నీ ఆగిపోతాయి. మేం అలా ముప్పావుగంట ఇరుక్కున్నాం. ఎలుగుబంటి మాత్రం మాకు కనబడలేదు.

దారిలో ముందు జాన్ ఆలివర్ ఇల్లు వస్తుంది. 1818లో భార్య లుక్రీషియాతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మొదటి తెల్లవాడు ఆయన. అప్పటికి ఈ నేల ఇక్కడి మూలవాసులైన చెరోకీలదే. మొదటి చలికాలం తిండి లేక అల్లాడుతుంటే చెరోకీలే ఎండబెట్టిన గుమ్మడికాయ ఇచ్చి కాపాడారని చెబుతారు. "అంటే వరుగులే గదా" అంది అమ్మ. మరుసటి ఏడాది ఒప్పందంతో ఈ నేల చెరోకీల చేజారింది.

తర్వాత ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చి. అది దాటిన కాసేపటికే చెట్ల నడుమ తెల్ల రంగు చెక్క గోడలతో మెథడిస్ట్ చర్చి. చాలామంది కారు దిగకుండా ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. మేం దిగాం.

మెథడిస్టులు ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. 1820లలో ఇక్కడ వాళ్ల సంఘం ఏర్పడింది. ఆ రోజుల్లో మెథడిస్ట్ బోధకులు గుర్రం మీద ఊరూరా తిరిగేవాళ్లు. పాస్టరు వచ్చినప్పుడే ఆరాధన అనుకోవచ్చు. మొదటి చర్చి దుంగలతో కట్టింది, మట్టి నేల, చలి కాచుకోవడానికి మధ్యలో నిప్పు గుంట. ఇప్పుడున్నది 1902 నాటిది. జె.డి. మెక్‌క్యాంప్‌బెల్ అనే ఆయన కట్టాడు. కమ్మరి పనీ వడ్రంగమూ రెండూ వచ్చు. 115 రోజులు, 115 డాలర్లు. ఆ తర్వాత ఆయనే ఇక్కడ పాస్టరు కూడా అయ్యాడు.

"రోజుకు డాలరా! మేస్త్రీయే అయ్యగారు కూడానా!" అని నాన్న నవ్వారు. ఆయనది మెదక్ చర్చి గంటలు వింటూ పెరిగిన బాల్యం. ఆ మహా కట్టడం కూడా వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ పోస్నెట్ కట్టించినదే, 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. అంత ఆకాశమెత్తు గోపురమూ ఈ చెక్క గదీ ఒకే శాఖవి అంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

ముందువైపు రెండు తలుపులు. పూర్వం కొన్ని చర్చిల్లో మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి ఉండేవి. ఇక్కడ ఆ పట్టింపు లేదు, అరువు తెచ్చుకున్న నమూనా ప్రకారం కట్టేశారంతే. అయినా అమ్మ ఎడమ తలుపులోంచి, నాన్న కుడి తలుపులోంచి వెళ్లి లోపల ఒకే బల్ల మీద కూర్చున్నారు. కిటికీల వెలుగు తప్ప దీపం లేదు. నాన్న బల్ల అంచు వెంట బొటనవేలు జరిపి చూస్తూ ఉండిపోయారు.

1860ల అమెరికా అంతర్యుద్ధం ఈ సంఘాన్నీ చీల్చింది, బాప్టిస్టులంత ఘోరంగా కాకపోయినా. చివరికి ఊరినే ఖాళీ చేయించింది మాత్రం నేషనల్ పార్క్. పార్క్ కోసం కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ జూనియర్ 50 లక్షల డాలర్లు ఇచ్చారు, టెన్నెసీ ప్రభుత్వం భూములు కొన్నది, అమ్మనివాళ్ల మీద కోర్టుకెళ్లింది. మొదట వచ్చిన ఆలివర్ మునిమనవడు జాన్ డబ్ల్యూ. ఆలివర్ ఏళ్ల తరబడి పోరాడి 1937లో వెళ్లిపోయాడు. ఇది చెబితే నాన్న, "మల్లన్నసాగర్ల మనోళ్ల ఊర్లు పోయినట్టే" అని లేచి బయట సమాధుల వైపు నడిచారు.

కేబుల్ మిల్లు దగ్గర టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, రద్దీ మాత్రం విపరీతం. అక్కడి దుకాణంలో రాతి తిరగలిలో పట్టిన మక్కపిండి అమ్ముతారు. అమ్మ రెండు సంచులు తీసుకుంది. ఆ రాత్రి మోటల్ స్టవ్ మీద మక్కరొట్టెలు చేస్తే, పిండి కాస్త మొరుముగా ఉండి అంచులు విరిగాయి. ఆవకాయతో నాన్న నాలుగు తిన్నారు.