రిషికేశ్, దాండేలి: రాఫ్ట్ ఎక్కకముందు ఒడ్డు మీద చూసినవి

మా బావకి ఈత బాగా వచ్చు. రాజమండ్రిలో పుట్టి, గోదావరి రేవుల్లో పెరిగినవాడు. అందుకే రిషికేశ్‌లో గంగ మీద రాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) ఎక్కే ముందు లైఫ్ జాకెట్ బిగించుకోమంటే "ఊపిరాడట్లేదు, కొంచెం లూజుగా ఉండనీ" అన్నాడు. గైడ్ వాదించలేదు. బావ వెనకాల నిలబడి, జాకెట్‌ని భుజాల దగ్గర రెండు చేతులా పట్టుకుని పైకి గుంజాడు. జాకెట్ చెవుల దాకా లేచింది, గడ్డం లోపలికి వెళ్లిపోయింది. "నీళ్లలో పడితే ఇది పైన తేలుతుంది, మీరు కింద ఉంటారు" అన్నాడు హిందీలో. మేమంతా నవ్వాం, బావ నవ్వలేదు. ఒక్కో బెల్టూ గైడే లాగి బిగించాడు. మళ్లీ గుంజి చూస్తే ఈసారి జాకెట్‌తో పాటు బావ కూడా మునివేళ్ల మీద లేచాడు.

ఈ గైడ్ దొరకడానికి ముందు ఇంకో దుకాణానికి వెళ్లాం. తపోవన్ రోడ్డు మీద రెండు అడుగులకో రాఫ్టింగ్ బోర్డు ఉంటుంది. మొదటివాడు అడిగినవి రెండే ప్రశ్నలు: ఎంతమంది, వీడియో కావాలా. మేనల్లుడికి పన్నెండేళ్లని చెబితే "పద్నాలుగు అని రాసేయండి, ఎవరడుగుతారు" అన్నాడు. ఉత్తరాఖండ్‌లో రాఫ్టింగ్‌కి 14 ఏళ్లు నిండాలని నిబంధన ఉంది. రెండో దుకాణం వాళ్లు పిల్లాణ్ణి ససేమిరా ఎక్కించుకోం అన్నారు. మనిషికి రెండు వందలు ఎక్కువ కూడా. మేనల్లుడు మూతి ముడుచుకుని మా ఆవిడతో రామ్ ఝూలా వంతెన దగ్గర ఉండిపోయాడు కానీ, నాకు ఆ రెండు వందలు ఇవ్వడం అస్సలు బాధనిపించలేదు. చిన్నపిల్లాడి వయసు మార్చి రాసేవాడు పాత జాకెట్‌ని మార్చుతాడని ఎలా నమ్మడం?

ఎక్కే ముందు ఓ ఫారం ఇస్తారు. అందరూ చదవకుండా సంతకం పెట్టేస్తారు, మేమూ పెట్టబోయాం. గైడ్ ఆపి ఒక్కొక్కరినీ అడిగాడు: బీపీ, గుండె జబ్బు, ఫిట్స్, ఈమధ్య ఆపరేషన్ ఏమైనా? మా చెల్లికి ఆస్తమా. చెబితే వద్దంటారేమోనని దాచబోయింది, నేనే చెప్పేశాను. వద్దనలేదు. ఇన్‌హేలర్ అడిగి తీసుకుని, తన నీళ్లు దూరని సంచిలో పెట్టుకున్నాడు. చన్నీళ్లు ఒక్కసారిగా మీద పడితే మామూలు మనిషికే ఊపిరి ఎగబీలుస్తుంది, కాబట్టి అది చేతికందే చోట ఉండాలన్నాడు. గంగ మార్చిలో ఎంత చల్లగా ఉంటుందో మనకి ఊహకందదు. మొదటి నిమిషం ఈదడానికి ప్రయత్నించొద్దు, ఊపిరి సర్దుకునేదాకా తేలుతూ ఉండండి చాలు అని రెండుసార్లు చెప్పాడు.

మేం తీసుకున్నది శివపురి నుంచి 16 కిలోమీటర్లు. బ్రహ్మపురి నుంచి వెళితే తొమ్మిదే, భయస్తులకి అది చాలు. ఒడ్డు మీద శిక్షణ ఇరవై నిమిషాలు. తెడ్డు పైన ఇంగ్లీషు టీ (T) ఆకారంలో పిడి ఉంటుంది, చెయ్యి దాని మీంచి తీయకూడదు. తీస్తే అదే పక్కవాడి పళ్లు రాలగొడుతుందట. నదిలో రాళ్ల కన్నా తెడ్డు దెబ్బలే ఎక్కువని గైడ్ నవ్వాడు.

అన్నిటికన్నా నాకు కొత్తగా అనిపించింది నిలబడొద్దన్న మాట. గోదావరిలో కాలికి నేల తగిలితే బతికామనుకుంటాం. వడి ఉన్న నీళ్లలో అదే ప్రమాదం. మోకాలు లోతులోనైనా సరే, నిలబడితే పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, ప్రవాహం వెనక నుంచి తోసి మనిషిని బోర్లా పడేస్తుంది, ఇక లేవలేరు. అందుకని వెల్లకిలా పడుకుని, కాళ్లు నీళ్లు పోయే వైపుకి చాపి, కాలివేళ్లు నీళ్ల పైకి కనిపించేలా పెట్టి కొట్టుకుపోవాలి. రాయి వస్తే పాదంతో తన్నుకోవచ్చు.

గోల్ఫ్ కోర్స్ అనే రాపిడ్‌లో, అంటే నది వడిగా ఎగిసిపడే చోట, బావ పడ్డాడు. నేను చూస్తూనే ఉన్నాను, ముందున్న మనిషి రెప్పపాటులో లేడు. హెల్మెట్ ఒకచోట తేలింది, మళ్లీ మునిగింది, ఇంకోచోట తేలింది. తర్వాత రెండు కాలివేళ్లు. ఆ వేళ్లు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. వెంట కయాక్‌లో (ఒక్కరు నడిపే చిన్న పడవ) వస్తున్న కుర్రాడు అటు తిరిగేలోపే గైడ్ తాడు చుట్టి పెట్టిన సంచి విసిరాడు. బావ తాడు పట్టుకున్నాడు కానీ చేతికి చుట్టుకోబోతే గైడ్ "నహీ, నహీ" అని అరిచాడు. తాడు చేతికి చుట్టుకుంటే, అది ఎక్కడైనా తట్టుకున్నప్పుడు వదిలించుకోలేరట. దగ్గరికి లాగాక జాకెట్ భుజాలు పట్టుకుని ఒక్క గుంజుతో పడవలోకి తెచ్చాడు. ఒడ్డు మీద గుంజి చూసింది ఈ భుజాల దగ్గరే, ఇందుకే. లూజుగా ఉండుంటే జాకెట్ మాత్రమే పైకి వచ్చేది.

ఆ రాత్రి బావ కచ్చులూరు ప్రస్తావన తెచ్చాడు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల పడవ మునిగినప్పుడు వాళ్ల వీధంతా టీవీల ముందే ఉంది. "మన వాళ్లకి ఈత రాక కాదురా" అని ఆగిపోయాడు. నేనూ రెట్టించలేదు.

బస గురించి. తపోవన్‌లో హోటల్ తీసుకున్నాం, శుభ్రంగా ఉంది. నది ఒడ్డు టెంట్ క్యాంపులో ఒక రాత్రి ఉండి చూశాం. ఇసుక, నక్షత్రాలు బాగున్నాయి, బాత్రూమ్ బాగోలేదు, పక్క టెంట్ వాళ్ల స్పీకర్ రెండింటి దాకా మోగింది. తెల్లారి రాఫ్టింగ్ ఉంటే క్యాంపు వద్దు, నిద్ర ఉండదు. ఊళ్లో మాంసం, మందు దొరకవు. మూడు రోజులు పప్పు, ఆలూ పరాఠాలతో గడిచిపోయింది. డెహ్రాడూన్ విమానాశ్రయం నుంచి టాక్సీలో గంటలోపే.

నవంబర్‌లో కర్ణాటకలోని దాండేలి వెళ్లాం, ఈసారి మేనల్లుడి కోసమే. హుబ్బళ్లి దాకా రైలు, అక్కణ్ణుంచి కారు. కాళీనది మీద రాఫ్టింగ్ గణేశ్‌గుడి దగ్గర మొదలవుతుంది. అక్కడ వాన కన్నా సూపా డ్యామ్ ముఖ్యం. కరెంటు కోసం నీళ్లు వదిలితేనే నదికి వడి వస్తుంది, వదలకపోతే రాఫ్టింగ్ లేదు. మా హోమ్‌స్టే వాళ్లు "గ్యారంటీ" అని డబ్బు ముందే తీసుకున్నారు. వెళ్లాక నీళ్లు లేవు. భోజనం మాత్రం బ్రహ్మాండం, జొన్నరొట్టెలు, వంకాయ కూర ఇప్పటికీ గుర్తొస్తాయి. డబ్బు వెనక్కివ్వకుండా బదులుగా కయాకింగ్ అన్నారు. జాకెట్లు చూస్తే ఒకదానికి బకిల్ విరిగి ప్లాస్టిక్ తాడుతో ముడేసి ఉంది, లోపలి స్పాంజి నలిగి పీచులా అయిపోయింది. ఒక్క విజిల్ లేదు. చెల్లి ఒక్కమాటే అంది: "వద్దన్నయ్యా, పోదాం పద."

ఖాళీ దొరికింది కదా అని మేనల్లుడు ఎండిన నదిలో రాళ్ల మీదికి ఫొటోకి దిగబోయాడు. గట్టిగా అరిచాను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థుల్ని లార్జి డ్యామ్ వదిలిన నీళ్లు ఊడ్చుకుపోయాయి, 24 మంది పిల్లలు. డ్యామ్ కింద నది ఎండినట్టు కనిపిస్తే దాన్ని ఎండిందని అనుకోకూడదు. దాండేలి ఊరి దగ్గరికి వచ్చేసరికి కాళీనదిలో మొసళ్లు కూడా ఉంటాయి. స్థానికులు దిగని చోట మనకి పనిలేదు.

మర్నాడు ఇంకొకరి దగ్గర, నిలకడ నీళ్లలో కయాక్ దొరికింది. మనిషికి ఆరు వందలు, గంట. పిల్లాడి సైజు జాకెట్ విడిగా తెచ్చారు. బోర్లా పడిన కయాక్‌ని తిప్పి ఎక్కడం ముందు ఒడ్డు పక్కనే చేయించారు, వాడు మూడుసార్లు కావాలనే పడ్డాడు. మధ్యాహ్నం గాలి లేస్తే తిరిగి రావడం కష్టమని పదకొండు లోపే ముగించేశారు. వాడు ఇంకో గంట కావాలని గొడవ చేస్తే, కయాక్ నేర్పిన కుర్రాడు నీళ్ల మీద అప్పుడే మొదలైన చిన్న చిన్న అలల్ని చూపించి, తెడ్డు వాడి చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.